గోటితో పోయే తప్పుకి గొడ్డలి వేటు

అమెరికాలో దాదాపు ప్రతి యూనివర్సిటీ ఏడాదికొకసారి తన విద్యార్థులందరికీ ఒక పొడవాటి ఈమెయిల్ పంపుతుంది. డ్రగ్స్ మీద, మద్యం మీద కాలేజీ నియమాలేమిటి, తప్పితే శిక్షలేమిటి, ఆరోగ్యానికి వచ్చే ముప్పేమిటి, మానాలనుకునేవాళ్ళకి సాయం ఎక్కడ దొరుకుతుంది - ఇవన్నీ అందులో ఉంటాయి. అది మర్యాద కోసం పంపే ఉత్తరం కాదు. ఫెడరల్ ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకునే ప్రతి విద్యాసంస్థా ఇలా రాతపూర్వకంగా చెప్పి తీరాలని, రెండేళ్ళకోసారి తన కార్యక్రమాన్ని తనే సమీక్షించుకోవాలని 1989 నాటి చట్టం శాసిస్తోంది.

ఆ ఈమెయిల్‌ని చివరిదాకా చదివిన తెలుగు కుర్రాణ్ణి నేనింతవరకూ చూడలేదు. చదివినా పెద్ద ప్రయోజనం ఉండదు. మన పిల్లలకి అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి సాధారణంగా అందులో ఉండదు కాబట్టి. ఆ సంగతి ఇది: ఒకే గదిలో, ఒకే రాత్రి, ఒకే తప్పు చేసిన ఇద్దరు విద్యార్థుల్లో అమెరికన్ పౌరుడికి పడే శిక్ష ఒకటి, వీసా మీద వచ్చినవాడికి పడే శిక్ష ఇంకొకటి. మొదటిది గోరంత, రెండోది కొండంత.

క్యాంపస్‌లో డ్రగ్స్ నిషేధం ఉండకూడదని నేననడం లేదు. ఉండాలి. శిక్షలు కూడా ఉండాలి. కానీ యూనివర్సిటీ వేసే శిక్ష వెనకాల దానికి కనపడని పెద్ద తోక ఒకటుందని, ఆ తోకని కూడా లెక్కలోకి తీసుకుని శిక్ష నిర్ణయించాలని, ఆ మాట అడగాల్సింది ఇక్కడ స్థిరపడ్డ మనమేనని నా వాదన.

ఒక్క పొట్లం, మూడు చట్టాలు

కాలిఫోర్నియాలో ఎమ్మెస్ చదువుతున్న 22 ఏళ్ళ కుర్రాణ్ణి తీసుకుందాం. 2016లో జరిగిన ఓటింగుతో అక్కడ 21 నిండినవాళ్ళు కొద్ది మోతాదులో గంజాయి కొనుక్కుని వాడుకోవడం రాష్ట్ర చట్టం ప్రకారం నేరం కాకుండా పోయింది. కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు 2012లోనే ఆ దారి పట్టాయి. ఇల్లినాయ్‌లో 2020 జనవరి నుంచి దుకాణాల్లో అమ్ముతున్నారు. న్యూయార్క్ 2021లో చట్టం చేసింది. వీధి మొగలో బోర్డు పెట్టి, బిల్లు ఇచ్చి, పన్ను కట్టించుకుని అమ్మే సరుకు తప్పెలా అవుతుందని మనవాడు అనుకుంటాడు. దుకాణంవాడు వయసు రుజువు అడిగితే ఇండియన్ పాస్‌పోర్టు తీసి చూపిస్తాడు. ఆ వీసా స్టాంపు ఉన్నది అదే పాస్‌పోర్టులోనన్న సంగతి ఆ క్షణాన తోచదు.

అదే పొట్లంతో క్యాంపస్‌లో అడుగుపెడితే రెండో చట్టం మొదలవుతుంది. 1970 నాటి ఫెడరల్ చట్టంలో గంజాయి నియంత్రిత పదార్థం. ఫెడరల్ డబ్బు తీసుకునే యూనివర్సిటీ దాన్ని అనుమతించలేదు, రాష్ట్రం ఏమన్నా సరే. అందుకే గంజాయి దుకాణం రోడ్డుకి అటుపక్కనున్నా, ఇటుపక్క హాస్టల్ గదిలో దొరికితే కాండక్ట్ ఆఫీసు నుంచి ఉత్తరం వస్తుంది. అక్కడ జరిగేది కోర్టు విచారణ కాదు. నేరం అనుమానానికి తావులేకుండా రుజువు కానక్కరలేదు. జరిగి ఉండే అవకాశమే ఎక్కువని తోస్తే చాలా క్యాంపస్‌లలో అది సరిపోతుంది. శిక్ష హెచ్చరికతో మొదలై, ఆన్‌లైన్ క్లాసు, ప్రొబేషన్, హాస్టల్ ఖాళీ చేయించడం, సస్పెన్షన్, శాశ్వత బహిష్కరణ దాకా ఉంటుంది.

ఈ విచారణలో విద్యార్థికి కొన్ని హక్కులున్నాయి. అవి ఊరికే వచ్చినవి కావు. 1960లో అలబామాలో తెల్లవాళ్ళకి మాత్రమే వడ్డించే హోటల్లో కూర్చుని నిరసన తెలిపినందుకు కొందరు నల్లజాతి విద్యార్థుల్ని ప్రభుత్వ కాలేజీ విచారణ లేకుండా వెళ్ళగొట్టింది. 1961లో ఫెడరల్ అప్పీలు కోర్టు అలా చెల్లదంది. ఆరోపణ ఏమిటో చెప్పాలి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి అంది. ఇవాళ మన కుర్రాడి చేతికి వచ్చే నోటీసు వెనక ఆ విద్యార్థుల పోరాటం ఉంది. ప్రైవేటు యూనివర్సిటీల్లో ఈ రాజ్యాంగ హక్కు నేరుగా వర్తించదు. అక్కడ వాళ్ళ సొంత నియమావళే ఆధారం.

ఇక మూడోది ఇమిగ్రేషన్ చట్టం. చాలామంది పేరు వినడం తప్ప చదవనిది ఇదే. నేను లాయర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. కానీ ఇందులోని నాలుగు ముక్కలు వీసా మీదున్న ప్రతివాడికీ తెలిసి తీరాలి.

మొదటిది. నియంత్రిత పదార్థాలకి సంబంధించిన ఏ నేరంలో శిక్ష పడినా దేశం నుంచి పంపించెయ్యొచ్చు. ఒక్కటే మినహాయింపు: సొంత వాడకానికి 30 గ్రాములో, అంతకంటే తక్కువో గంజాయి దగ్గర పెట్టుకున్న ఒకే ఒక్క కేసు.

రెండోది. ఆ మినహాయింపు ఇక్కడ ఉండటానికే గానీ తిరిగి రావడానికి కాదు. చెల్లెలి పెళ్ళికని ఇండియా వెళ్ళినవాడు, ఇక్కడున్నన్నాళ్ళూ ఎవరూ కదిలించని అదే చిన్న కేసు మీద అక్కడ వీసా దొరక్క ఉండిపోవచ్చు.

మూడోది. శిక్ష పడకపోయినా, అరెస్టే కాకపోయినా, అలాంటి నేరం చేశానని అధికారి ముందు ఒప్పుకుంటే చాలు, ప్రవేశం నిరాకరించొచ్చు. "మా రాష్ట్రంలో అది చట్టబద్ధమే" అన్న జవాబు పనికిరాదు. పోనీ అబద్ధం చెబుదామా అంటే, వీసా కోసం అబద్ధం చెప్పడం దానంతటదే జీవితాంతం వెంటాడే అనర్హత. గ్రీన్ కార్డు కోసం చేసే వైద్య పరీక్షలోనూ డ్రగ్స్ వాడకం గురించి అడుగుతారు.

నాలుగోది. ఇమిగ్రేషన్ చట్టంలో "శిక్ష పడటం" అన్న మాటకి 1996 నుంచి సొంత అర్థం ఉంది. తప్పు ఒప్పుకుని, ఏదో ఒక చిన్న షరతుకి లోబడితే చాలు. ఆర్నెల్లు బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తామని స్థానిక జడ్జి చెప్పి, చెప్పినట్టే కొట్టేసినా, ఇమిగ్రేషన్ వాళ్ళ దృష్టిలో అది శిక్ష పడినట్టే కావచ్చు.

2024లో అమెరికా న్యాయశాఖ గంజాయిని మొదటి జాబితాలోంచి మూడో జాబితాలోకి మార్చాలని ప్రతిపాదించినప్పుడు మనవాళ్ళు కొందరు సంబరపడ్డారు. మూడో జాబితాలో ఉన్నదీ నియంత్రిత పదార్థమే. ఇమిగ్రేషన్ చట్టానికి జాబితా నెంబరుతో పనిలేదు.

సాక్సులో నాలుగు మాత్రలు

ఇదంతా గంజాయి గొడవే అనుకుని, "మావాడికి సిగరెట్ అలవాటు కూడా లేదు" అని నిశ్చింతగా ఉండే తల్లిదండ్రులున్నారు. క్యాంపస్‌లో మంచి మార్కుల పిల్లలకి దగ్గరగా ఉండేది గంజాయి కాదు, అడరాల్ మాత్ర. ఏకాగ్రత కుదరని జబ్బుకి డాక్టర్లు రాసిచ్చే మందది. పరీక్షల వారంలో నిద్ర ఆపుకోవడానికి ఒకరి మందు ఇంకొకరు మింగడం ఇక్కడ మామూలైపోయింది. ఫెడరల్ చట్టంలో అది రెండో జాబితా. చీటీ లేకుండా దగ్గరుంటే నేరం, స్నేహితుడికి ఊరికే ఒకటి ఇచ్చినా నేరమే.

ట్యునీషియా నుంచి 2004లో స్టూడెంట్ వీసా మీద వచ్చిన మూనెస్ మెలూలీ కథ సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. రెండు మాస్టర్స్ డిగ్రీలు చేశాడు, యూనివర్సిటీలో లెక్కలు చెప్పాడు, ఉద్యోగం సంపాదించాడు, శాశ్వత నివాసి అయ్యాడు. 2010లో కేన్సస్‌లో తాగి కారు నడిపిన కేసులో పట్టుకున్నప్పుడు అతని సాక్సులో నాలుగు మాత్రలు దొరికాయి. అడరాల్ అని చెప్పాడు. చివరికి అతను ఒప్పుకున్న నేరం ఏమిటంటే, డ్రగ్స్ దాచే సాధనం కలిగి ఉండటం. ఆ సాధనం అతని సాక్సు! స్థానిక కోర్టు జైలుకి కూడా పంపకుండా ప్రొబేషన్‌తో సరిపెట్టింది. ఇమిగ్రేషన్ అధికారులు మాత్రం 2012లో దేశం నుంచే పంపేశారు. 2015లో సుప్రీంకోర్టు ఏడుగురు ఇద్దరి తేడాతో ఆ పంపడం తప్పని చెప్పింది. సాక్సు కోసం దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళి గెలిచాడు. అప్పటికి దేశం వదిలి మూడేళ్ళయింది. మనలో ఎంతమంది పిల్లలకి, ఎంతమంది తండ్రులకి అంతదూరం వెళ్ళే ఓపిక, డబ్బు ఉన్నాయి?

ఒకే శిక్ష, రెండు ఫలితాలు

కొత్తగా వచ్చే విద్యార్థులకి సాయపడే ఒక చిన్న బృందంలో కొన్నేళ్ళుగా పనిచేస్తున్నాను. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడం, నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకోవడం, పప్పులూ కుక్కరూ కొనిపెట్టడం - మా పని చాలావరకు ఇంతే. అప్పుడప్పుడూ వేరే రకం ఫోన్లు వస్తాయి. ఒకటి చెబుతాను. ఊరూ పేరూ చెప్పను.

క్యాంపస్ అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు రూమ్మేట్లు, ఒకడు అమెరికన్, ఒకడు మనవాడు. వాసన వస్తోందని పక్కవాళ్ళు ఫిర్యాదు చేశారు. వంటగదిలో గంజాయి కలిపిన గమ్మీల డబ్బా దొరికింది. పోలీసు కేసు కాలేదు, కాండక్ట్ ఆఫీసుకి వెళ్ళింది. మనవాడు భయపడి, నిజాయితీగా ఉంటే దయ చూపిస్తారనే నమ్మకంతో, ఎవరినీ అడక్కుండా రెండు పేజీల క్షమాపణ రాసిచ్చాడు. ఎన్నిసార్లు తిన్నాడో లెక్కతో సహా. అంతకుముందే మద్యం విషయంలో ఇద్దరికీ ఒక హెచ్చరిక ఉండటంతో ఇద్దరికీ సమానంగా ఒక్క సెమిస్టరు సస్పెన్షన్ వేశారు. ఆ అధికారికి చెడ్డ ఉద్దేశం లేదు. ఆర్నెల్లు ఇంటికెళ్ళి బుద్ధి తెచ్చుకుని రండన్నాడు.

అమెరికన్ కుర్రాడు అమ్మానాన్నల దగ్గరికెళ్ళి, ఒక స్టోర్లో పనిచేసుకుని, జనవరిలో వచ్చి మళ్ళీ క్లాసులో కూర్చున్నాడు. మనవాడికి చదువు ఆగిన రోజే సెవిస్ రికార్డు మూసేశారు. చదువు పూర్తిచేసినవాళ్ళకిచ్చే 60 రోజుల గడువు ఇలాంటివాడికి ఉండదు. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన బ్యాంకు లోనుకి వడ్డీ ఆగదు. సెమిస్టరు గడిచాక కొత్త ఐ-20 తీసుకుని కాన్సులేట్‌కి వెళ్తే ఎందుకు ఆగిపోయావని మొదటి ప్రశ్నే అడిగారు. నిజం చెప్పాడు. వీసా ఇవ్వలేదు. వాళ్ళ నాన్నగారు నాతో ఫోన్లో ఒకే ఒక్క మాటన్నారు: "మావాడేమన్నా హత్య చేశాడా బాబూ?"

ఆయనకి చెప్పడానికి నా దగ్గర మంచి జవాబు లేదు. కొండనాలిక్కి మందు వేస్తే ఉన్న నాలిక ఊడినట్టు, బుద్ధి చెప్పడానికి వేసిన శిక్ష భవిష్యత్తునే తీసుకుపోయింది. బుద్ధి చెప్పినవాళ్ళకి ఆ సంగతి ఈనాటికీ తెలియకపోవచ్చు.

ఇది ఒకరిద్దరి సమస్య కాదు. 2024-25లో అమెరికాలో 3,63,019 మంది భారతీయ విద్యార్థులున్నారు. వాళ్ళలో మనవాళ్ళెంతమందో తెలియాలంటే ఏ క్యాంపస్ లైబ్రరీలోనైనా సాయంత్రం పూట అరగంట నిలబడితే చాలు, చెవులకే తెలుస్తుంది. 2025 వసంతంలో ప్రభుత్వం విదేశీ విద్యార్థుల పేర్లని నేర రికార్డులతో పోల్చి వేలాది సెవిస్ రికార్డులు ఒక్కసారిగా రద్దు చేసింది. కోర్టు కొట్టేసిన కేసులున్నవాళ్ళు, ట్రాఫిక్ టికెట్లున్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. విద్యార్థులు కోర్టులకెక్కాక ఏప్రిల్ చివర్లో వెనక్కి తగ్గింది. చిన్న కాగితం కదా అని వదిలేసింది ఎప్పుడు ఎలా పైకి తేలుతుందో ఆ ఏడాది చూపించింది.

"వచ్చిన పని చూసుకోవచ్చుగా"

ఈ మాట నాకు తెలుసు. మన విందుల్లో ఎన్నోసార్లు విన్నాను. "చదువుకోవడానికి వచ్చినవాళ్ళకి ఇవన్నీ ఎందుకు? పరాయి దేశంలో ఉన్నప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. అతిథికి అతిథి మర్యాద తెలియాలి."

పిల్లలకి చెప్పే బుద్ధిగా ఈ మాట నూటికి నూరుపాళ్ళూ సరైనదే. నేనూ అదే చెబుతాను. కానీ నా ప్రశ్న తప్పు చెయ్యొచ్చా అని కాదు, చేసిన తప్పుకి తగిన శిక్ష ఏమిటని. సిగ్నల్ దాటినవాడికి జరిమానా వేస్తాం గానీ ఇల్లు జప్తు చెయ్యం. ఒకే తప్పుకి ఒకడికి సాయంత్రం క్లాసు, ఇంకొకడికి దేశ బహిష్కారం పడితే, రెండోదాన్ని క్రమశిక్షణ అనలేం.

ఇంకొందరంటారు, శిక్ష భయంకరంగా ఉంటేనే భయపడతారని. భయం ఏం చేస్తుందో చూడండి. పార్టీలో స్నేహితుడు స్పృహ తప్పి పడిపోయాడు. 911కి ఫోన్ చేస్తే పోలీసులొస్తారు, వీసా పోతుంది. చెయ్యకపోతే మనిషి పోవచ్చు. అడరాల్ పేరుతో అమ్మే దొంగమాత్రల్లో ఫెంటనిల్, మెత్ కలుస్తున్న రోజులివి. ఒక్క మాత్రతో ప్రాణం పోతోంది. ఇలాంటి సమయంలో ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఇమిగ్రేషన్ చట్టం గుర్తుచేసుకుని ఫోన్ పక్కన పెట్టడమా మనకి కావలసింది?

దీనికి విరుగుడు దొరికే చోట్లున్నాయి. సాయం కోసం పిలిచినవాడినీ, ప్రాణాపాయంలో ఉన్నవాడినీ శిక్షించబోమని కార్నెల్ యూనివర్సిటీ 2002లో మద్యం విషయంలో నియమం పెట్టింది. తర్వాతి ఏళ్ళలో సాయం కోసం వచ్చే ఫోన్లు పెరిగాయి. డ్రగ్స్ విషయంలో అలాంటి రక్షణ ఇచ్చే మొదటి రాష్ట్ర చట్టం 2007లో న్యూమెక్సికోలో వచ్చింది. అటుపైన చాలా రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఎంత కఠినమైనదో అందరికీ తెలుసు. అందులో కూడా 64ఎ అనే సెక్షన్ ఉంది. వ్యసనానికి లోబడి, కొద్ది మోతాదుతో పట్టుబడినవాడు తనంతట తాను చికిత్సకి వెళితే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇస్తుంది. అంత కఠినమైన చట్టమే ఒక తలుపు తెరిచి ఉంచింది.

మనం చెయ్యగలిగింది

ఒకటి, యూనివర్సిటీలని అడగాలి. 2010లో సుప్రీంకోర్టు హోసే పాడియా కేసులో ఒక మాట చెప్పింది. నలభై ఏళ్ళుగా శాశ్వత నివాసి, వియత్నాం యుద్ధంలో అమెరికా తరఫున పనిచేసిన మనిషికి గంజాయి రవాణా కేసులో, "ఇన్నేళ్ళుగా ఉన్నావు, వీసా గొడవేం రాదులే" అని లాయర్ తప్పు సలహా ఇచ్చాడు. నేరం ఒప్పుకోబోయే విదేశీయుడికి దేశ బహిష్కారం సంగతి చెప్పడం లాయర్ బాధ్యతని కోర్టు తేల్చింది. నేరస్థుడికి దక్కే ఈ హెచ్చరిక కాండక్ట్ ఆఫీసు ముందు నిలబడ్డ విద్యార్థికి ఎందుకు దక్కకూడదు? విచారణ నోటీసులో ఒక్క వాక్యం చాలు: "మీరు వీసా మీద ఉంటే దీని ఫలితం మీ స్టేటస్ మీద పడొచ్చు, ఏదైనా రాసిచ్చేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి, అందుకు వారం గడువిస్తాం." అలాగే ప్రొబేషన్, చికిత్స, హాస్టల్ మార్పు, సేవాపని సరిపోయేచోట సస్పెన్షన్ వెయ్యకూడదు. ఇది మనవాళ్ళకి ప్రత్యేక మినహాయింపు కాదు. నిజంగా పడే బరువుని చూసి తూకం వెయ్యమనడం.

రెండు, సాయానికి పిలిచినవాళ్ళకిచ్చే రక్షణ మద్యానికే కాక డ్రగ్స్‌కి కూడా ప్రతి క్యాంపస్‌లోనూ ఉండాలి.

మూడు, మనలో ఓటు హక్కు వచ్చినవాళ్ళు తమ కాంగ్రెస్ సభ్యులని అడగాలి. ఇక్కడ ఉండనిచ్చే 30 గ్రాముల మినహాయింపు తిరిగి రానివ్వడానికీ వర్తించాలి. రాష్ట్రం అనుమతించిన పనిని ఒప్పుకున్నంత మాత్రాన తలుపు మూసే నిబంధన పోవాలి. గ్రీన్ కార్డు క్యూ గురించి రాసే ఉత్తరంలోనే ఈ రెండు వాక్యాలు చేర్చొచ్చు.

నాలుగు, మన సంఘాలు. మహాసభలకి సినిమా తారలని పిలిపించే ఖర్చులో వెయ్యో వంతు చాలు, ఆగస్టులో దిగే ప్రతి విద్యార్థి చేతిలో తెలుగులో ఒక పేజీ పెట్టడానికి. ఆ పేజీలో నేనైతే ఇవి రాస్తాను: రాష్ట్రం ఒప్పుకున్నా వీసా ఒప్పుకోదు. ఒకరి మందు ఇంకొకరు మింగొద్దు, ఇవ్వొద్దు. పార్టీలో గమ్మీ, బ్రౌనీ ఏది పెట్టినా అందులో ఏముందో అడిగి తినండి. పోలీసు అడిగితే మౌనంగా ఉండే హక్కు, లాయర్‌ని కోరే హక్కు మీకూ ఉన్నాయి. అబద్ధం మాత్రం చెప్పొద్దు. కోర్టులో గానీ, కాలేజీలో గానీ లాయర్‌ని అడక్కుండా దేని మీదా సంతకం పెట్టొద్దు. ప్రాణం మీదికొస్తే ముందు 911, తర్వాతే మిగతావన్నీ. ఫెంటనిల్‌కి విరుగుడైన నలోక్సోన్ ముక్కు స్ప్రేని చీటీ లేకుండా అమ్మడానికి 2023లో అనుమతి వచ్చింది, ఒకటి ఇంట్లో ఉంచుకోండి. చివర్న, రాత్రి రెండింటికైనా ఎత్తే ఒక ఫోన్ నెంబరు.

ఆ ఫోన్ ఎత్తేవాళ్ళు నోరు కట్టుకోగలిగినవాళ్ళై ఉండాలి. మన పిల్లలు సాయం అడగకపోవడానికి మొదటి కారణం చట్టం కాదు, మనమే. ఇక్కడ అంకుల్‌తో చెబితే రేపటికల్లా ఊళ్ళో నాన్నకి తెలుస్తుందని, చెల్లెలి సంబంధం చెడుతుందని భయం. 21 నిండని పిల్లల డ్రగ్స్, మద్యం తప్పుల్ని తల్లిదండ్రులకి చెప్పడానికి యూనివర్సిటీలకి 1998 చట్టం వీలిచ్చింది. ఎమ్మెస్‌కి వచ్చే మనవాళ్ళు ఆ వయసు దాటినవాళ్ళు, వాళ్ళ ఇంటికి ఏ ఉత్తరమూ వెళ్ళదు. అంటే గుంటూరులోనో, కరీంనగర్‌లోనో ఉన్న తండ్రికి విషయం తెలిసేది కొడుకు ఎయిర్‌పోర్టులో దిగినరోజే. మధ్యలో ఆ కుర్రాడికి పెద్దదిక్కు మనమే కావాలి.

ఇది చదివేవాళ్ళలో చాలామంది ఏదో ఒక అమెరికన్ యూనివర్సిటీలో చదివినవాళ్ళే. విరాళం ఇమ్మని ఏటా మీకు ఉత్తరం వస్తూనే ఉంటుంది. ఈసారి జవాబు రాయండి. రెండు ప్రశ్నలు అడగండి: వీసా విద్యార్థికి విచారణకి ముందు ఇమిగ్రేషన్ ప్రమాదం గురించి రాతపూర్వకంగా చెబుతున్నారా? సాయానికి ఫోన్ చేసినవాణ్ణి డ్రగ్స్ కేసులో కూడా శిక్షించకుండా వదులుతున్నారా? వచ్చిన జవాబులు అందరం పంచుకుందాం. వచ్చే ఆగస్టులో విమానాలు దిగేలోపు చెయ్యాల్సిన పని ఇది.